అంకెల్లో దాగిన ఊరు

పొడుపు కథ విప్పడం తెలిసినవాళ్ళకు జియోకాషింగ్ అనే ఆట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు పదిమందికీ తెలియజేస్తారు. ఇంకొకరు వెతుక్కుంటూ వెళ్ళి, దొరికితే లోపల ఉన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్ళీ ఉన్నచోటనే పెట్టి వస్తారు. కొన్ని డబ్బాలకు అంకెలు నేరుగా ఇవ్వరు. చిక్కు విప్పితేనే అంకె బయటపడుతుంది. ఆ చిక్కులు ఎక్కువగా ఆ ఊరి చరిత్రలోంచే తీస్తారు. గుడి కట్టిన ఏడాది, వంతెన స్తంభాల లెక్క, శిలాఫలకం మీది తేదీ, ఇలాంటివి.

అమెరికా ప్రభుత్వం తన ఉపగ్రహాల సంకేతంలో కావాలని కలుపుతూ వచ్చిన తేడాను 2000 మే నెల మొదట్లో మానేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించిన యంత్రాలు పది ఇరవై మీటర్ల దగ్గరికి వచ్చాయి. మే 3న ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టు దాచి, దాని స్థానం లోకానికి చెప్పాడు. ఆట అక్కడ మొదలైంది.

అయితే నేలకు అంకెలు తగిలించే పని మన దిక్కున అంతకు రెండు వందల ఏళ్ళ ముందే జరిగింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా సర్వే, 78వ రేఖాంశానికి దగ్గరగా దక్కను మీదుగా ఉత్తరానికి సాగింది. ఆ పనిమీదే హైదరాబాదు నుంచి నాగపూరు పోతూ ఆయన 1823 జనవరిలో హింగణ్‌ఘాట్‌లో చనిపోయాడు. మా గోకుంద ఉన్నది సుమారు 78.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. ఆ గొలుసు మాకు కొంచెం పడమరగా పోయిందన్నమాట.

ఈ ఆట నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దేన్నీ తవ్వకూడదు, పాతిపెట్టకూడదు. స్థలం గలవాళ్ళ అనుమతి ఉండాలి. మన పల్లెల్లో నిధి అనగానే లంకెబిందెలు, గడ్డపారలు, అమావాస్య రాత్రులు గుర్తుకొస్తాయి. గుప్తనిధుల ఆశతో పెకలించిన పాత గుళ్ళు ఎన్నో. ఇక్కడ నిధి అంటే ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు. తీసుకుపోయేది కూడా తెలుసుకున్న సంగతి మాత్రమే.

మా ఇంటి పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు. ఒకరోజు పెద్దవాడు వచ్చి, "తాతా, మనం ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చినం?" అని అడిగాడు. తోటి పిల్లలు అడిగితే జవాబు చెప్పలేకపోయాడట. షోలాపూరు పద్మశాలీలను, భివండీ మగ్గాలమీద పనిచేసిన మనవాళ్ళను అడిగితే ఎవరు ఎప్పుడు బయల్దేరారో చెబుతారు. ముంబాయిలో కామాఠీపుర పేరులోనే అక్కడికి కూలికి పోయిన తెలుగువాళ్ళు ఉన్నారు. మా సంగతి వేరు. వాడికి ఉపన్యాసం ఇస్తే వినడని తెలుసు. అందుకే డబ్బా దాచాను.

స్నేహితుడి చేనుగట్టు మీది వేపచెట్టు తొర్రలో, అతన్ని అడిగి, ఒక స్టీలు టిఫిన్ డబ్బా పెట్టాను. డిగ్రీలు, నిమిషాలు పిల్లలకు నేనే ఇచ్చాను. నిమిషాల తర్వాత వచ్చే దశాంశ స్థానాలను ఖాళీగా వదిలాను. అక్షాంశంలో ఒక నిమిషమంటే 1,852 మీటర్లు. కాబట్టి మొదటి దశాంశంలో ఒక్క అంకె తప్పితే 185 మీటర్లు తప్పుతాం.

మొదటి అంకె రైలు స్టేషనులో. కిన్వట్ స్టేషను ఉన్నది మా గోకుందలోనే. అక్కడ డబ్బా పెడితే పోలీసులు వస్తారు. అందుకని పసుపుపచ్చ బోర్డు మీద రాసిన సముద్రమట్టం ఎత్తును చదివి రమ్మన్నాను. రోజూ చూసే బోర్డే. కింద అంకెలున్నాయని అంతవరకు ఎవరూ గమనించలేదు.

రెండోది: మన ఊరు స్వతంత్ర భారతంలో కలిసిన ఏడాది చివరి అంకె. పిల్లలు ఆలోచించకుండా 7 వేశారు. వేసి, వేపచెట్టుకు 185 మీటర్లు దక్షిణంగా పోయి, తుమ్మముళ్ళ మధ్య చాలాసేపు వెతికారు. చివరికి చిన్నదానికి తోచింది. బడిలో ఏటా సెప్టెంబరు 17న జెండా ఎందుకు ఎగరేస్తారు? హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది 1948లో. అంకె 8.

మూడోదానికి పెన్‌గంగ ఒడ్డున నిలబెట్టాను. ఆవలి ఒడ్డు యవత్‌మాళ్ జిల్లా, అంటే పాత బీరారు. 1853లో నిజాం బీరారును కంపెనీకి అప్పగించాక, ఈ నీళ్ళకు ఇటు నిజాం పాలన, అటు ఇంగ్లీషువాళ్ళ పాలన. నిజాంను ఎదిరించినవాళ్ళు 1947, 48లలో హద్దు దాటి బీరారులో శిబిరాలు పెట్టింది అందుకే. అంకె 3.

నాలుగోది పొడుపు కథగా ఇచ్చాను. "ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు. మూడు రాష్ట్రాలు తిరిగొచ్చింది. ఆ ఊరు మొదటి గడప దాటిన ఏడాది ఏది?" పిల్లలు మహారాష్ట్ర ఏర్పడిన 1960 అనుకున్నారు. సున్న వేస్తే చెట్టుకు పడమరగా వంద మీటర్లు పోయారు. ఏమీ దొరక్క పక్కింటి అవ్వ దగ్గరికి వెళ్ళారు.

"నేను పెండ్లయి గీడికి వచ్చినప్పుడు మన జిల్ల అదిలాబాదు ఉండె బిడ్డా. కచేరి పని పడితే అటే పోయేటోళ్ళు. ఒక యాల్ల నాందేడు పోవాలన్నరు. ఇల్లు గక్కడ్నే ఉంది, తొవ్వ మారింది."

1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలను విడదీసినప్పుడు హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. అదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా బొంబాయి రాష్ట్రంలోని నాందేడుకు వచ్చింది. నాందేడులోని ముధోల్ అటు అదిలాబాదుకు పోయింది. 1960 మే 1న మేము మహారాష్ట్రలో ఉన్నాం. అంకె 6.

డబ్బా దొరికింది. పెద్దవాడు మూత తీయకుండా అడిగాడు. "అయితే తాతా, మనం ఎక్కడినుంచీ రాలేదా?"

"లేదురా. హద్దు జరిగింది" అన్నాను.

ఈ మాట వాడికి ఎందుకు అవసరమో పెద్దవాళ్ళకు తెలుసు. ఇక్కడ పాత కాగితం ఎప్పుడూ నిద్రపోదు. 1954 ఖాస్రా పత్రం ఇప్పటికీ కచేరీల్లో మాట్లాడుతుంది. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం నిజాం కాలపు రికార్డుల్లో కుణబీ నమోదులు వెతకడానికి సందీప్ షిందే కమిటీని వేసినప్పుడు, ఆ వెతుకులాట హైదరాబాదు దాకా పోయింది. కాగితాలకోసం ప్రభుత్వమే అటు పోయినప్పుడు, మన పిల్లలు అవ్వ దగ్గరి మాటకోసం పక్కింటిదాకా పోవడం పెద్ద దూరమేమీ కాదు. కాగితానికి నకలు ఉంటుంది. అవ్వ మాటకు లేదు.

డబ్బాలోని పుస్తకంలో అందరూ మరాఠీలో పేర్లు రాశారు. చిన్నది మాత్రం పెన్సిలు పట్టుకుని, తన పేరు తెలుగులో ఎట్లా రాయాలని అడిగింది. నేల మీద పుల్లతో రాసి చూపించాను. చూసి దింపుకుంది. దీర్ఘం ఒకటి పక్క అక్షరానికి పడింది. దిద్దలేదు.

చంద్రపూరులో, బల్లార్షాలో, షోలాపూరులో, భివండీలో ఉన్న మనవాళ్ళు కూడా ఒక్కొక్క డబ్బా దాచి చూడండి. యంత్రం అక్కర్లేదు, ఫోను చాలు. అంకెలు మాత్రం ముసలివాళ్ళ దగ్గర ఉన్నప్పుడే అడిగి తెచ్చుకోవాలి.