మేడపై బ్లూబెర్రీ

జడ్చర్లలో ఒక సాధకుడు తన మేడపై బ్లూబెర్రీ మొక్కను పెంచ సంకల్పించాడు. తొలి ఫలాన్ని గంగాపురం చెన్నకేశవస్వామికి సమర్పించాలని ఆయన కోరిక. కోరిక సాత్త్వికమే, కాని మొక్క నడిచేది తన ప్రకృతిని అనుసరించి మాత్రమే.

ఉత్తర అమెరికాలోని ఆమ్లభూములలో జన్మించిన పొద ఇది. దానికి పుల్లని నేలే ప్రాణాధారమని ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1910లో ప్రకటించాడు. ఎలిజబెత్ వైట్ అనే వనితతో కలిసి 1916 నాటికి తోటపంటగా దానిని విపణికి చేర్చాడు. మట్టి పీహెచ్ 4.5 నుండి 5.5 నడుమ ఉండాలి. అనేక రకాలు 7 డిగ్రీల లోపు చలిలో వందల గంటలు నిద్రిస్తే తప్ప పుష్పించవు. పాలమూరులో అంతటి చలిరాత్రులు అరుదు. వేసవి మాత్రం 40 దాటుతుంది. అందుకే ఆయన అల్పశీతంతో తృప్తిచెందే రకాన్ని తెప్పించాడు.

చెలక మట్టిలో పశువుల ఎరువు కలిపి నాటి, బోరు నీరు పోశాడు. కొన్నాళ్ళకు లేతాకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగా నిలిచాయి. ఎరువు చాలలేదనుకొని ఇంకా వేశాడు. సాధనలోనూ చాలమంది చేసేది ఇదే: ఫలం కానరాకపోతే సంఖ్య పెంచుతారు. నిజానికి మట్టిలో ఇనుము లేకపోలేదు. బోరు నీటిలోని క్షారగుణం ఆమ్లతను హరించగా, చెంతనే ఉన్న ఇనుమును వేరు గ్రహించలేకపోయింది. ఉన్నదానిని లేనట్లు చేసే శక్తిని వేదాంతులు ఆవరణము అంటారు. అద్వైతగ్రంథాలలో దానికి రజ్జుసర్పమే ప్రసిద్ధోదాహరణము, ఈ పసుపుటాకు కూడా అందుకు తగినదే.

ఆవరణ తొలగింపు నిదానమైన పని. పాత మట్టి తీసి పీట్, కడిగిన కొబ్బరిపొట్టు నింపాడు. చిటికెడు గంధకం చల్లాడు. సూక్ష్మజీవులు దానిని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది. వానచినుకులను పీపాలో పట్టి అదే పోశాడు. వేర్లు నూలుపోగులవలె సన్నవి, ఎండకూ నిలువనీటికీ ఓర్వలేవు. కనుక మధ్యాహ్నం నీడవల కట్టాడు.

ఇంటి పెద్దావిడ ఒకనాడు అడిగింది: "నాయనా, నిత్యం సంకల్పంలో జంబూద్వీపే అంటావు గదా! ఆ జంబూఫలం మన చెలకలో ఊరకే కాస్తుంటే, దీనికింత తపస్సెందుకు?" ఆయన వద్ద సమాధానం లేదు. నేరేడు సులభమని ఆయన దానిని నైవేద్యంగా తలచనే లేదు. దుర్లభమైనదే స్వామికి ప్రియమన్న భావన ఎక్కడినుండి వచ్చిందో ఆయనకే తెలియలేదు.

ఆ ఆషాఢంలో చెన్నకేశవునికి నేరేడుపండ్లు వెళ్ళాయి. మేడపై మొక్క కొత్తచిగుళ్ళు పచ్చగా తొడిగింది. పూతకు ఇంకొక శీతకాలం గడవాలి.