కాపితేనే పలికేది పలక

మాది గుర్రంకొండ పక్కన మాదిగపల్లె. కోటుండే ఆ బండకొండ మా పల్లెలో యాడ నిలబడినా కనపడతాది. ఊర్లో ఏం జరిగినా మాకు తెలిసేది చప్పుడుతోనే. చావైతే ఒక మనిషొచ్చి పల్లె బయటే నిలబడి కేకేసేవాడు. నాయన పలక తీసి, వరిగడ్డి మంట పెట్టి కాపేవాడు. తోలు బిగిసేకొద్దీ గోటితో మీటి చూసుకునేవాడు. చావుకొక దరువు, గంగమ్మ జాతరకొక దరువు, చాటింపుకొక దరువు. ఎవరూ నేర్పకుండానే నా చేతులకు అన్నీ వచ్చేసినాయి.

ఇంకో చప్పుడు కూడా ఉండాది. దప్పికై ఊర్లో నీళ్ళడిగితే అంత ఎత్తునుంచి దోసిట్లోకి పోసేవాళ్ళు. సగం మోచేతుల మీదుగా కారిపోయేది. ఆ నీళ్ళు పడే చప్పుడు నాకు పలక కంటే గట్టిగా ఇనపడేది.

పది ఫెయిలై మదనపల్లెలో సెంట్రింగు పనికి పోయినా. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. చావుకు కొట్టిన పలకే సభకు పిలుపైంది. మా వయసోళ్ళు దాన్ని మెడకేసుకోని బజార్లో నడస్తా ఉంటే నేను దూరంగా నిలబడినా. సిగ్గు. ఇప్పుడు దాచుకునేదేముంది?

ఆ సిగ్గుతోనే 1997లో చెన్నైలో ఓడెక్కినా. మూడు రాత్రులు వాంతులు చేసుకుంటా అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ చేరినా. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినారు.

టూరిస్టులు ఆ దీవులకు పొయ్యేది నిశ్శబ్దం కోసమంట. అక్కడ పని చేసేవాళ్ళకు నిశ్శబ్దం యాడిది? అయిదు కాకముందే వెలుతురు, కోళ్ళ కూతలు. రేవులో ఓడ కూత. చాథమ్‌లో 1883 నాటి కోతమిల్లులో దుంగలు కోసే రొద. సాయంత్రం సెల్యులార్ జైల్లో లైట్ అండ్ సౌండ్ షో. రావిచెట్టు నోరు తెరిచి హిందీలో జైలు కథ చెప్తాది. టికెట్టు కొనకుండా గోడ బయట నిలబడి ఎన్నిసార్లు ఇన్నానో. అన్నిటికంటే రేకుల మీద వాన. మా పక్క వాన చప్పుడైతే ఇంట్లో ఉండేవాళ్ళంతా బయటికొచ్చి చూస్తాం. అక్కడ నెలల తరబడి పడతానే ఉంటాది, పక్కనోడి మాట ఇనపడదు.

బెంగాలీలు, తమిళులు, రాంచీ నుంచి వచ్చిన ఆదివాసీలు, అందరికీ కలిపి ఒక హిందీ. ఆ హిందీలో నన్ను ఏ ఊరని అడిగినారే గానీ కులం అడగలేదు. అసలు ఆ దీవుల్లో షెడ్యూల్డు కులాల జాబితానే లేదు. 2011 జనాభా లెక్కల్లో కూడా ఎస్సీలు సున్నా. కాగితం మీద మేం పుట్టనే లేదు!

కులం అడిగింది తెలుగులోనే. అక్కడి తెలుగోళ్ళల్లో శ్రీకాకుళం, విశాఖ వైపోళ్ళు ఎక్కువ. మా మేస్త్రీ మొదటిరోజే "నువ్వేటోడివిరా?" అన్నాడు. వేరే కులం పేరు చెప్పినా. అదేందో ఇక్కడ రాయను. రెండేళ్ళు వాళ్ళింట్లోనే కూడు తిన్నా. ఆయన భార్య నా కంచంలో చేపముక్క ఒకటి ఎక్కువే వేసేది.

1999లో వినాయకుని నిమజ్జనం. కుర్రోళ్ళు యాడనుంచో డప్పులు తెచ్చినారు. సముద్రపు చెమ్మకు తోళ్ళు వదులైపోయి, తడిసిన గోనెసంచిని బాదినట్టు మోగతా ఉండాయి. నాకు పండ్లు జివ్వుమన్నాయి. నోరు మూసుకోని ఉండాల్సింది. "కాపండన్నా, మంటకు కాపండి" అనేసినా. ఎట్లనో ఎవరికీ తెలీదు. ఎండు కొబ్బరాకులు అంటించి నేనే కాపినా. నాయన మాదిరే గోటితో మీటి చూసినా. ఖంగున పలికింది. జాతర దరువు ఎత్తుకున్నాక ఎవరూ నిలబడలేదు. మేస్త్రీ కూడా లుంగీ ఎగగట్టి ఆడినాడు.

అయినాక దగ్గరికొచ్చి "ఎంత బాగా కొట్టేవురా" అన్నాడు. కొంచేపాగి, "కాపడం నీకెలాగ తెల్సురా?" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపాయె.

మరుసటి రోజు వాళ్ళింటికాడ నీళ్ళడిగినా. ఆమె చెంబు తెచ్చింది, గ్లాసు తేలేదు. నా మొకం చూడకుండా చెంబు పైకెత్తింది. నా చేతులు రెండూ వాటంతటవే దగ్గరికొచ్చి దోసిలి పట్టినాయి. ఆమె మీద కోపం ఎప్పుడో తగ్గింది గానీ, నా చేతుల మీద కోపం మాత్రం ఇంకా ఉండాది. నీళ్ళు పడినాయి. సముద్రం దాటినా అదే చప్పుడు.

తాగలేదు. మూట తీసుకోని రాంచీ కూలోళ్ళ రేకుల షెడ్డుకు పోయినా. ఆ రాత్రి వాన. వాళ్ళల్లో ఒకడు మాందర్ ఒళ్ళో పెట్టుకోని "నీదేదీ?" అని హిందీలో అడిగినాడు. నా దగ్గర పలక లేదు. మూల ఖాళీ పెయింటు డబ్బా ఉంటే బోర్లించుకున్నా.