టోక్యోలో పన్ను సలిపితే...

టోక్యో తూర్పు కొసన ఎడోగావా వార్డులో ఉంది నిషికసాయ్. తోజాయ్ లైన్ రైలు దిగగానే హిందీ, తమిళం, తెలుగు మాటలు చెవిన పడతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకొచ్చిన భారతీయులు ఎక్కువగా ఉండే పేట ఇది. కందిపప్పు, మసాలాలు ఇక్కడే దొరుకుతాయి. పన్ను నొప్పి వస్తే మాత్రం... వీధిలోని జపాన్ డాక్టరే దిక్కు!

డాక్టర్లకు కొదవలేదు. జపాన్‌లో కన్వీనియన్స్ స్టోర్లకన్నా దంత వైద్యశాలలే ఎక్కువ. మూడు నెలలకు మించి నివసించే విదేశీయులకూ ఆరోగ్య బీమా తప్పనిసరి. అందులోకి వచ్చే చికిత్సకు ఉద్యోగస్తులు చెల్లించేది 30 శాతమే. కాకపోతే రూట్‌కెనాల్ లాంటివాటికి వారాల తరబడి తిరగాలి.

అసలు చిక్కల్లా నొప్పి చెప్పుకోవడంలోనే! 'ఇతాయ్' అంటే నొప్పి. డాక్టరుకు అది చాలదు. ఎలాంటి నొప్పి? చన్నీళ్లు తగిలి జివ్వుమంటే 'షిమిరు'. నాడి కొట్టుకున్నట్టు సలుపుతుంటే 'జుకిజుకి'. రెంటికీ చాలా తేడా. క్షణంపాటు జివ్వుమని తగ్గిపోతే సరే. దానంతటదే రాత్రంతా సలిపితే వాపు పంటి లోపలి నరందాకా చేరి ఉండొచ్చు.

చిన్నప్పుడు అమ్మకు చెప్పుకున్నవీ ఇలాంటి మాటలే. వాటికి జపాన్ జోడీలు నేర్చుకుంటే సగం వైద్యం అయినట్టే.

కుర్చీలో పడుకున్నాక మాట్లాడే వీలుండదు. నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తమంటారు. డాక్టరు సాధారణంగా కుడివైపు ఉంటారు కదా! 'ఎడమ చెయ్యి వద్దు' అని ఇంట్లో మందలింపులు తిన్నవారికి మొదట్లో మొహమాటమే. నొప్పి తగిలితే మాత్రం ఆ చెయ్యే ముందు లేస్తుంది!