రెండ్రూపాయల పిన్ను

పోయినేడు మే నెల. మా అమ్మాయిని ఈత క్లాసుకు బండి మీద తీసుకెళ్తున్నాను. బ్రేకు తొక్కినప్పుడల్లా వెనకచక్రం దగ్గర ‘టంగ్’మని చప్పుడు. పట్టించుకోలేదు. పాత బండి, ఎక్కడో ఏదో మోగుతూనే ఉంటుంది. తార్నాక దాటాక మా అమ్మాయే ‘‘నాన్నా, కింద ఏదో ఊగుతోంది’’ అంది. పక్కకి ఆపి వంగి చూశాను. నాకేమీ అర్థం కాలేదు. పాతికేళ్లు దాటింది ఆ బండి మా ఇంటికొచ్చి. దాని వెనకచక్రాన్ని ఏవేం పట్టి ఉంచుతున్నాయో నాకు తెలీదు!

పంక్చర్లు వేసే కుర్రాడొకడు వచ్చి చూశాడు. బ్రేకు డ్రమ్ము మూత చక్రంతోపాటు తిరిగిపోకుండా పట్టి ఉంచే ఇనుపపట్టీ ఒకటుంటుంది. దాని బోల్టుకు నట్టు లేదు. బోల్టు సగం బయటికొచ్చి వేలాడుతోంది.

‘‘ఇది ఊడితే మూత చక్రంతోనే గిర్రున తిరుగుతది సార్. బ్రేకు కమ్మీ మెలిపడి చక్రం పట్టేస్తది. పాప వెనక కూసున్నది మరి...’’ అని ఆగిపోయాడు.

ఆ నట్టు వదులై ఊడిపోకుండా దానికి అడ్డంగా స్ప్లిట్ పిన్ను పెడతారు. మడిచిన తీగముక్కలా ఉంటుంది. దూర్చి, రెండుకాళ్లూ చెరోవైపు వంచేస్తే సరి. ఖరీదు రెండ్రూపాయలు. నా బండికి అది లేదు.

నాలుగురోజుల కిందటే బ్రేకు షూలు మార్పించాను. వెళ్లి అడిగితే మెకానిక్ తప్పించుకోలేదు. ‘‘కొత్త పిల్లగాడు ఫిట్ చేసిండు సార్. మర్చిపోయినట్టున్నడు’’ అని తలొంచుకున్నాడు. ఏమంటాం? ఆ పని జరుగుతున్నంతసేపూ నేను ఎదురుగా బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. బండివైపు చూసినా పిన్ను లేదని కనిపెట్టేవాణ్ని కాదు.

ఆ రాత్రి అటక మీంచి నాన్న డబ్బా దించాను.

బండి నాన్నది. 1998లో కొన్న స్ప్లెండర్. మిర్యాలగూడ నుంచి పల్లెటూరి బడికి రోజూ దాని మీదే వెళ్లొచ్చేవారు. హీరో హోండా వాళ్లు 1985లో సీడీ100 తెచ్చినప్పుడు పెట్రోలు నింపు, మూతపెట్టు, ఇక మర్చిపో అన్నట్టుగా ప్రచారం చేశారు. 1994లో స్ప్లెండర్ వచ్చేసరికి ఆ మాట జనంలో బాగా నాటుకుపోయింది. నేనైతే మరీ ఎక్కువ నమ్మాను. నాన్న మాత్రం మర్చిపోయే రకం కాదు. ఆదివారం పొద్దున్నే వరండాలో గోనెసంచి పరిచి డబ్బా విప్పేవారు. నాకు అప్పుడు టీవీ ముందు నుంచి లేవడం బద్ధకం. మోకాళ్లు మొరాయించి బండి నాకిచ్చేసినప్పుడు డబ్బానూ తాడుతో కట్టి పంపారు. ఆ తాడు విప్పకుండానే అటకెక్కించాను.

బిస్కెట్ల రేకుడబ్బా అది. లోపల ప్లగ్గు పానా, అరిగిన పానాలు నాలుగు, చెక్కపిడి స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం ముక్క, పాత ట్యూబును కోసిన రబ్బరు బద్దీలు, చుట్టచుట్టిన క్లచ్ వైరు, బండితో ఇచ్చిన చిన్న పుస్తకం. అగ్గిపెట్టెలో ఏదో గలగలలాడింది. తెరిస్తే స్ప్లిట్ పిన్నులు! అన్నీ తుప్పుపట్టాయి. ఇంకోటి, బొటనవేలంత హాక్సా బ్లేడు ముక్క. పళ్లు అరగదీసి ఉంది. అదెందుకో తెలియక ఫోను చేశాను.

‘‘ప్లగ్గు సందు చూడ్డానికిరా. అది దూరీదూరనట్టు ఉండాలి’’ అన్నారు. తర్వాత ఓ నిమిషం ఆగి, ‘‘డబ్బా ఇప్పుడు విప్పావా?’’ అన్నారు. జవాబు చెప్పలేదు.

మర్నాటి నుంచే సామాను వేట మొదలైంది. ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. ఎర్రగడ్డ ఆదివారం సంతలో మెరిసే ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాను. తెరిస్తే వరసగా నలభైకి పైగా సామాన్లు. ఇంట్లో అందరికీ చూపించాను. మొదటి పనికే దాని బండారం బయటపడింది. పానా నోరు తెరుచుకుని నట్టు మూలలు కొరికేసింది. గుండ్రంగా అయిపోయిన ఆ నట్టును విప్పడానికి మళ్లీ మెకానిక్ దగ్గరికే వెళ్లాల్సొచ్చింది. ఆ పెట్టెలో బండికి పనికొచ్చే సైజులు ఐదారు. మిగతావన్నీ లెక్కకి.

రెండోసారి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. వీధంతా పంపులు, మోటార్లు, గొలుసులు, పానాపట్టీలు. ఓ ఇరుకు దుకాణంలో పెద్దాయన ‘‘ఏ బండి బాబూ? ఏ పని చేస్తావ్?’’ అని అడిగారు. సెట్టు కావాలంటే తలూపి, విడిగా ఐదే తీసి బల్ల మీద పెట్టారు. 8, 10, 12, 14, 17 నంబర్లు. హోండా వంశపు బండ్లకు ఎక్కువగా పడేవి ఇవే. సన్నబోల్టులకు 8, 10, మధ్యరకానికి 12, 14. మా బండి ఇంజనాయిలు దించే అడుగు బోల్టుకు 17. అన్నిటికీ ఒకవైపు నోరు, మరోవైపు రింగు. బోల్టు తలకు ఆరు మూలలుంటే నోరు పానా రెండు పక్కల్నే పడుతుంది. రింగు ఆరింటినీ చుట్టి పడుతుంది. బిగుసుకున్నదాన్ని ముందు రింగుతో కదపాలి, వదులయ్యాక నోటితో తిప్పుకోవాలి. నా పెట్టె నట్టును ఎందుకు కొరికిందో ఆ దుకాణంలో తెలిసింది. ఆయనిచ్చిన పానాలు నాసిక్‌లో తయారయ్యే తపారియావి. జలంధర్ సరుకూ చూపించారు, అదీ బాగుంది.

స్క్రూడ్రైవరు దగ్గర ఇంకో పాఠం. జపాన్ నమూనా బండ్లకు వాడే ప్లస్ గుర్తు స్క్రూలు, మామూలు ప్లస్ స్క్రూలు చూడ్డానికి ఒకటే. కొలతలో చిన్న తేడా ఉంది. మామూలు స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా తిప్పితే జారి, గాడిని చెక్కేస్తుంది. ఇంజను పక్కమూతల మీద స్క్రూలన్నీ గుంటలు పడి కనిపించేది అందుకే. జపాన్ కొలతదే కావాలని అడిగి తీసుకోవాలి. దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుని తిప్పాలి.

ప్లగ్గుకు 16 నంబరు పానా నాన్న డబ్బాలోనే ఉంది. ఫీలర్ గేజ్ మాత్రం కొన్నాను. పేకముక్కల్లా విచ్చుకునే సన్నటి స్టీలు రేకులవి, ఒక్కోదాని మందం దాని మీదే రాసి ఉంటుంది. మా బండి ప్లగ్గుకు 0.6 నుంచి 0.7 మి.మీ. సందు ఉండాలి. ఎందుకో అనుమానం వచ్చి నాన్న బ్లేడు ముక్కను గేజ్ రేకుల పక్కన పెట్టి చూశాను. 0.65! హాక్సా బ్లేళ్ల మందం దాదాపుగా అంతేనట. ఆ గేజ్‌కు నేనిచ్చిన డబ్బులు వృథా అని నాన్నకు చెప్పలేదు.

ఇక ఖర్చయ్యే సరుకు. గొలుసు కడగడానికి నాన్న కిరోసిన్ వాడేవారు. ఇప్పుడది మా వీధి రేషను షాపులో రావడం లేదు. సీసాడు డీజిల్ తెచ్చుకుంటున్నాను. పెట్రోలుతో కడగొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. పాత టూత్‌బ్రష్షులు, చిరిగిన బనియన్లు. కడిగి తుడిచాక 90 నంబరు గేరాయిలు చుక్కలుగా వేయాలి. మెయిన్ స్టాండు వేసి, ఇంజను ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ చేయాల్సిన పని ఇది. ఇంజను నడుస్తుండగా గుడ్డ పెట్టి వేలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. డ్రమ్ము విప్పితే లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిస్తే మేలు.

అన్నీ అమరాక గర్వం రాకుండా ఉంటుందా! మూడోసారి ఆయిలు మార్చినప్పుడు అడుగు బోల్టు కారుతుందేమోనని, పానా మీద రెండుచేతులూ వేసి బిగించాను. లోపలెక్కడో మెత్తగా జారినట్టయింది. చేతికి తెలిసిపోయింది. ఇంజను గుల్ల అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. మరలు తెగింది గుల్లకే. బండిని రెండువీధులు నెట్టుకుంటూ ఎక్కడికెళ్లానో చెప్పక్కర్లేదు. ఆ మెకానిక్ నవ్వలేదు. లేతుషాపులో కొత్త మర వేయించి బిగిస్తూ, పానాను బోల్టుకు దగ్గరగా పట్టుకుని ఒంటిచేత్తో ఎంతవరకు తిప్పాలో చూపించాడు. కింద పెట్టే వాషరు ప్రతిసారీ కొత్తది వేయమన్నాడు. ఈసారి నేను ఫోను తీయలేదు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. గొలుసు, ప్లగ్గు, ఆయిలు, గాలి, బ్రేకు సర్దుబాటు నావి. ట్యాపెట్లు, క్లచ్ ప్లేట్లు, కార్బొరేటర్ అతనివి. నేను దించిన పాత ఆయిలు మురిక్కాలవలో పారబోయకుండా డబ్బాలో తీసుకెళ్లి అతని పీపాలో పోస్తాను. మా ఆవిడ లెక్క ప్రకారం ఈ సామాన్ల ఖరీదుతో మూడేళ్లు సర్వీసింగు చేయించుకోవచ్చు. లెక్క తప్పేమీ కాదు.

సంక్రాంతికి నాన్న వచ్చారు. కొత్త పానాలు ఒక్కొక్కటే చేత్తో తూచి చూశారు. బాగున్నాయనీ అనలేదు, బాగాలేవనీ అనలేదు. కర్ర ఊతంతో బండి వెనక్కి వెళ్లి, కష్టం మీద వంగి, బొటనవేలితో ఆ బోల్టు దగ్గర తడిమారు. పిన్ను కాళ్లు రెండూ వంచి ఉన్నాయి.

‘‘పాతది తీసి మళ్లీ అదే పెట్టావా?’’ అన్నారు.

‘‘లేదు. ప్రతిసారీ కొత్తదే.’’

పాత అగ్గిపెట్టె చివికిపోతే పిన్నుల్ని మాత్రల డబ్బాలోకి మార్చాను. డజను కొన్నాను. ఇంకా తొమ్మిదున్నాయి.