మర్ఫా మారింది, మంచిదే. చేతులెక్కడ?

మా ఆఫీసులో కుర్రాళ్లు మెటాలికా గురించి గంటలకొద్దీ బహస్ చేస్తుంటారు. 1991లో స్పీడు తగ్గించి నల్ల అట్ట ఆల్బమ్ తెచ్చినప్పుడే ఆ బ్యాండు ఖతం అయిందని ఒకడు, అసలు మజా అప్పుడే మొదలైందని ఇంకొకడు. "అన్నా, నీకిది సమజ్ కాదులే" అంటారు నాతో. ఎందుకు కాదు? చిన్నప్పట్నుంచీ నేనూ ఓ మోతకు ఆషిఖ్‌నే. దాని పేరు మర్ఫా.

మొఘల్‌పురాలో దుల్హా గుర్రం కనపడకముందే మర్ఫా దెబ్బ గుండెకు తగిలేది. డఫ్, ఢోల్, కర్రలతో వాయించే స్టీలు బిందె. మా హెవీ మెటల్ ఆ బిందెనే.

యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం ఫౌజులోకి వస్తూ ఈ తాళాన్ని వెంట తెచ్చారు. బార్కస్ అంటే వాళ్ల బారక్సే. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. 1948లో రియాసత్ పోయింది, తాళం మిగిలింది. తీన్‌మార్ అయి గణేశ్ నిమజ్జనం జులూసులోకీ వెళ్లింది. 2011లో పవన్ కల్యాణ్ సినిమాకు పేరే అయింది. మూడు దెబ్బలకు మజ్హబ్ ఏముంటుంది?

కాబట్టి మారడం మీద నాకు షికాయత్ లేదు. తోలు పోయి ప్లాస్టిక్ వచ్చింది. మంట మీద కాచిన డఫ్‌లోని ఆ గరం ఆవాజ్ పోయింది. కానీ వానాకాలం షాదీల్లో తోలు మెత్తబడి వాయించేవాళ్లు పడ్డ తక్లీఫ్ చూసినోణ్ని. వాళ్లకు ఆసాన్ అయితే నాకేం?

మెటాలికా నెమ్మదించింది, మర్ఫా ఉరికింది. డీజేతో ముఖాబలా మరి. ఇప్పుడు చాలా బరాతుల్లో లారీ మీద పెట్టెల్లోంచి మర్ఫా మోగుతుంది. దెబ్బ అదే, జోరు ఇంకా ఎక్కువ. చేతులే లేవు.

ఫర్క్ అక్కడే ఉంది. మా మామూజాన్ మోకాళ్ల నొప్పితోనే కట్టెను తల్వార్‌లా తిప్పుతూ బరిలోకి దిగితే, డఫ్ వాయించే పెద్దాయన ఆయన కాళ్ల వైపు చూసి తాళం తగ్గించేవాడు. అరచేతులు మండితే ఆగేవాడు. ఆ కాసేపట్లో గల్లీకి కూడా దమ్ము దొరికేది. పెట్టెకు కళ్లు లేవు, అరచేతులు మండవు.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన జులూసుల్లో డీజేలను బంద్ చేశారు. హుకుంతో మోత ఆగుతుంది గానీ హునర్ వాపసు రాదు. అది రావాలంటే నేర్చుకునే పిల్లలుండాలి, ఆ పిల్లలకు రోజీ ఉండాలి.

మీ ఇంట్లో షాదీ ఉంటే మర్ఫావాళ్లను పిలవండి. బేరమాడకండి. నడుమ చాయ్ ఇప్పించండి.