తాళంచెవులు చేతికివ్వండి

మొన్న మేం కొన్న ఇంటి రిజిస్ట్రేషన్ అయింది. దస్తావేజులో ‘ఈ రోజే మీకు స్వాధీనపరచినాము’ అని రాశారు. స్వాధీనం అంటే ‘తన అధీనం’ అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో!

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెయ్యి చాపాను. అమ్మినాయన తాళంచెవులు తీసి పక్కనున్న బండి సీటు మీద పెట్టాడు. ‘తీసుకోండి సార్.’

అడ్వాన్సు ఇచ్చిన రోజు ఇదే చేతిని పట్టుకుని ఊపాడు. ఆ తర్వాతే నా ఆధార్ జిరాక్సు చూశాడు. అడ్రసులో అంబేద్కర్ కాలనీ ఉంది.

‘కొట్లో చిల్లర గూడా ఇట్టాగే బల్ల మీద పెట్టేవోళ్లు. తీసుకో నాయనా’ అంది అమ్మ. ఆమె ఇల్లు అసైన్డ్ స్థలంలోది. దాన్ని అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోలేదు. ఇంకోటి కొనడానికి డబ్బుల్లేవు. మా ఇంటావంటా ఒక తాళంచెవి చేతులు మారడం ఇదే మొదలు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 55వ సెక్షన్: కొన్నవాడు అడిగితే అమ్మినవాడు స్వాధీనం ఇవ్వాలి.

అడిగాను. ‘చేతికివ్వండి.’

అటూ ఇటూ చూశాడు. తీసి నా అరచేతిలో పెట్టాడు. వేళ్లు తగిలాయి. ఇద్దరికీ ఏమీ కాలేదు.

మిత్రులారా, ఆ చట్టంలో ‘అడిగితే’ అన్న ఒక్క మాటే మనది. అడగకపోతే బల్ల మీదే పెడతారు.

జై భీమ్.