సీడెడ్ ఎంతకి పోయింది?

మొన్న సెలవులకి వచ్చినప్పుడు మా బామ్మర్దిని చూద్దామని ఫిల్మ్‌నగర్ వెళ్లాను. వాడు అక్కడొక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఈది, ఫిల్మ్ ఛాంబర్ దాటి, మెట్లెక్కి చేరేసరికి వాడు ఫోన్లో ఉన్నాడు.

"సీడెడ్ ఇంకా పోలేదన్నా. నైజాం ఓన్ రిలీజ్. ఈస్టు, వెస్టు ఎంజీ మీద ఇచ్చినాం."

ఎదురుగా గోడకి తెల్లబోర్డు. దాని మీద వరసగా నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. అట్టడుగున ఓవర్సీస్. ఒక్కో పేరు పక్కన ఒక్కో అంకె.

నాది అనంతపురం జిల్లా గుత్తి. పద్నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఉంటున్నాను. మా ఊరి మెట్రోలో వాల్సెండ్ అని ఒక స్టేషన్ ఉంది. హేడ్రియన్ చక్రవర్తి హయాంలో క్రీ.శ. 122లో మొదలైన 117 కిలోమీటర్ల గోడకి తూర్పు కొస అక్కడే. రోమన్ల జ్ఞాపకంగా ఆ స్టేషన్లో కొన్ని బోర్డులు లాటిన్‌లో కూడా రాసిపెట్టారు. రోజూ వాటిని చూస్తూ ఆఫీసుకి వెళ్లే మనిషికి రోమన్ల పిచ్చి పట్టకుండా ఎలా ఉంటుంది? అందుకే బామ్మర్ది బోర్డు చూడగానే నాకు సినిమా కనబడలేదు, సామ్రాజ్యం కనబడింది.

రోమన్లు గెలిచిన దేశాన్ని ప్రావిన్స్ అన్నారు. తొలి ప్రావిన్స్ సిసిలీ. రోమన్లది అంత పెద్ద రాజ్యమే గానీ తాలూకాకో తాశిల్దారు, ఊరికో కరణం లేరు. ప్రావిన్స్‌కి ఒక గవర్నరు, ఆయన వెంట గుప్పెడు మంది, కొన్నిచోట్ల సైన్యం. మిగతా పాలన అంతా స్థానిక ఊరిపెద్దలదే. మరి పన్ను? ఇప్పటి టర్కీ పడమటి భాగాన్ని అప్పట్లో ఆసియా ప్రావిన్స్ అనేవాళ్లు. అక్కడ పన్ను వసూలు చేసుకునే హక్కుని ఎక్కడో ఉన్న రోమ్ నగరంలో అయిదేళ్లకోసారి వేలం వేసేవాళ్లు. పాటలో గెలిచిన కంపెనీ ఒప్పుకున్న సొమ్ము ఖజానాకి కట్టాలి. ఆపైన ఎంత పిండుకుంటే అంత తనది. ఆ గుత్తేదార్లనే పుబ్లికానీలు అన్నారు.

మన సినిమావాళ్ల ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీ పద్ధతి దీనికి దూరపు చుట్టం. ఫలానా ఏరియాకి ఇంత అని బయ్యర్ ముందే ఒప్పుకుంటాడు. ఆదోనిలో హాలు నిండిందా ఈగలు తోలుకుందా అన్న బెంగ ఆ తర్వాత నిర్మాతది కాదు, బయ్యర్‌ది.

మా వాడు ఫోన్ పెట్టేశాక ఒక కథ చెప్పాను. క్రీ.పూ. 61లో ఆసియా పాట పాడినవాళ్లు ఆశకొద్దీ ఎక్కువకి పాడేసి, గిట్టుబాటు కాక, తగ్గించమని సెనేట్ ముందు మొరపెట్టుకున్నారు. కుదరదని సెనేటర్ కేటో భీష్మించుకున్నాడు. ఇది సిగ్గుమాలిన కోరిక అని తెలిసీ ఇంకో సెనేటర్ సిసిరో వాళ్లనే సమర్థించాడు. చివరికి 59లో జూలియస్ సీజర్ మూడోవంతు మాఫీ చేశాడు.

వాడు నవ్వాడు. "మా ప్రొడ్యూసర్లు సీజర్లు గాదు బావా. తర్వాతి సినిమా నీకే ఇస్తాం, దాంట్లో చూసుకోపో అంటారు."

తేడా లేకపోలేదు. పుబ్లికానీకి తగిలిన దెబ్బ రైతు వీపు మీదికి దిగేది. సినిమా చూడమని మనల్నెవరూ కట్టేసి కొట్టరు. కాకపోతే మొదటి వారం టికెట్టు రేటు పెంచుకోవడానికి జీవో తెచ్చుకున్నప్పుడు మాత్రం కాస్త రోమన్ వాసన వస్తుంది.

నన్ను పట్టుకున్నది అంకెలు కాదు, పేర్లు. సీడెడ్ అంటే రాసిచ్చేసినవి అని. టిప్పు దగ్గర్నుంచి వాటాగా వచ్చిన కడప, బళ్లారి ప్రాంతాలని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తన రాజ్యంలో తిష్ఠవేసిన కంపెనీ సైన్యానికి ఖర్చు కింద! అవే సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్తమండలాలు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లని అణచి, మధ్యవర్తులని తీసేసి, నేరుగా రైతుతోనే శిస్తు లెక్క పెట్టుకున్నాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోతే మొదట పూడ్చింది మా గుత్తిలోనే. కోట కింద తెల్లదొరల సమాధుల మధ్య మేం గోళీలాడుకున్నాం.

ఇచ్చేసిన జిల్లాలు అనిపించుకోవడం నచ్చకనే 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో మా సీమవాళ్లు రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. నిజాం రాజ్యం 1948లో పోయింది. 2014లో తెలంగాణ రాష్ట్రమే వచ్చింది. బోర్డు మాత్రం మారలేదు. పైగా సినిమావాళ్ల సీడెడ్‌లో చిత్తూరు కూడా ఉంది. అందులో ఎక్కువ భాగం నిజాం ఇచ్చింది కాదు, 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ లాక్కున్నది!

"రాయలసీమ అని రాయచ్చు గదరా?" అన్నాను.

"పేరు మారిస్తే పాత లెక్కతో ఎట్ల పోల్చాల బావా? రికార్డులన్నీ ఈ పేర్ల మీదనే ఉండాయి."

సిసిలీ గుర్తొచ్చింది. అక్కడ సిరక్యూస్ రాజు హియెరో పెట్టిన పదోవంతు పంట పన్ను చట్టాన్ని రోమన్లు మార్చలేదు. చట్టాన్ని పిలవడం కూడా ఆ రాజు పేరుతోనే. పద్దు కుదిరాక పేరుతో పనేముంది? ఫ్రాన్స్ దక్షిణాన ప్రోవాన్స్ అని అందమైన సీమ ఉంది. ఆ పేరుకి అర్థం ప్రావిన్స్ అనే. రోమ్ కూలి పదిహేను వందల ఏళ్లు దాటినా అక్కడివాళ్లు ఇంకా అదే పేరుతో బతుకుతున్నారు. రాజు పోతాడు గానీ వాడి పద్దు పుస్తకం పోదు.

టీ వచ్చింది. "పోయిన సినిమా మీ ఏరియాలో ఎట్లుండె బావా?" అన్నాడు.

"గుత్తిలో మొదటి మూడు రోజులు బాగానే ఆడిందంట. ఈసారి శెనక్కాయ పోయింది గదా, ఆ తర్వాత జనం..."

"గుత్తి గాదు బావా. నీది ఓవర్సీస్."

బోర్డు అడుగుకి చూశాను. న్యూకాజిల్, న్యూజెర్సీ, సిడ్నీ, దుబాయ్ అన్నీ ఆ ఒక్క మాటలోనే, ఒక్క అంకె పక్కన. మా తాతలని ఎవరో రాసిచ్చారు. నన్నెవరూ రాసివ్వలేదు, నా టికెట్టు నేనే కొనుక్కుని వెళ్లాను. అయినా బోర్డు మీదికి ఎక్కాను. పరాయి దేశాల్లో మేం పెట్టుకున్న సభలకి లెక్కలేదు గానీ, మా నంద్యాల సభ మాత్రం ఇంకా జరగలేదు.